తోలుసంచి కడగకూడదు

సబ్బు వాసన పసిగట్టి
గుమ్మంలోనే నన్ను ఆపేసింది త్సెవెల్మా.
"ఆ చేతులతో సంచి ముట్టకు.
లోపలివాళ్ళు చస్తారు."

లోపలివాళ్ళు.
నేను నంబర్లు వేసి పిలిచేవాళ్ళని
ఆమె ఇంటిల్లిపాది లెక్కలో కలిపేసింది.

ఆర్‌ఖంగాయ్ కొండల కింద ఉన్ని గుడారం,
నడిమధ్య పిడకల పొయ్యి,
తలుపు పక్కన వేలాడే ఎద్దుతోలు సంచి.
అందులో గుర్రం పాలు పులుస్తున్నాయి.
వచ్చినవాడు పది పోట్లు, పోయేవాడు పది పోట్లు
కవ్వంతో వేసి కదలాలి.
ఇక్కడ పలకరింపంటే అదే.

తోలు మడతల్లో, కుట్లలో, కవ్వపుకర్ర పగుళ్ళలో
కంటికానని ఊరొకటి కాపురముంటోంది.
పాలలో తీపి తిని పులుపు కక్కుతారు,
ఆ పులుపులో పరాయి పురుగు నిలవదు.
ఇంటి చుట్టూ గోడని
పులియబెట్టి కట్టుకున్నవాళ్ళు.
జిగురు దుప్పటి కింద ఒకరి మీద ఒకరు పడుకుని
ఎందరమున్నామో
వాసనల గుసగుసలతో తలలు లెక్కపెట్టుకుంటారు.

మంచు దిగితే గుర్రాలు చేపవు.
అప్పుడు త్సెవెల్మా
సంచి అడుగు మడ్డిలో పాతగుడ్డ పేలిక ముంచి
గాలికి ఆరబెట్టి
పెట్టెలో, పెళ్ళినాటి వెండి గుండీల పక్కన దాస్తుంది.
సున్నాకి నలభై మెట్లు కింద
ఆ పేలికలో ఊరంతా ఊపిరి బిగబడుతుంది.
చావు కాదు, బతుకనీ అనలేం.
మళ్ళీ పాల తడి తగిలేదాకా
వాయిదా.

దాన్ని వాళ్ళు ఖొరొంగ్ అంటారు.
ఆస్తిని కూడా అదే మాటతో అంటారు.

నేను దూదిపుల్లతో కుట్లు తుడిచి
సీసాల్లో బిగించి రాజధానికి పట్టుకుపోయాను.
వెచ్చదనం సరిగ్గా ఇచ్చాను, తిండి తూచి పెట్టాను,
ఒక్కొక్కరికీ ఒక్కో గాజుపళ్ళెం,
విడివిడిగా, శుభ్రంగా.
ముప్పాతిక మంది లేవలేదు.

మూడు వారాలు చూసి, విసుగొచ్చి,
ఒక రాత్రి రెండు గీతలు పక్కపక్కనే గీశాను.
అంతదాకా మొండికేసినది
పొరుగుదానివైపు మాత్రమే
సన్నటి నెలవంకలా తెల్లబడింది.
పక్కింటివాళ్ళు పారబోసేదేదో
దానికి అన్నమట.
ఈ మాట రిపోర్టులో ఎలా రాయాలో తెలియక
చాలాసేపు కూర్చున్నాను.

మరుసటేడు జూలైలో వెళితే
సంచి ఎండి, బిగుసుకుని, గోడకి ఉంది.
చలికాలం జుద్ వచ్చిందట.
గడ్డి మీద మంచు గాజుపలకై
గొర్రెలు నిలబడ్డచోటే కొయ్యబారాయట.
పిడకలయిపోయిన రాత్రి
పెట్టెలోవి కింద కుమ్మరించి చెక్కలు కాల్చారు.
చింకిగుడ్డే కదా అని
మనవరాలు సొలొంగో
పేలికతోనే నిప్పు రాజేసింది.

"మా అమ్మమ్మకి వాళ్ళమ్మమ్మ ఇచ్చింది" అని
త్సెవెల్మా అంది, అంతే.
పిల్లని తిట్టలేదు.
బకెట్‌లో పాలు ఉన్నాయి,
తియ్యగా, ఎందుకూ కొరగాకుండా.

లోయకవతల దామ్‌దిన్‌జావ్ ఉంటాడు.
బావి దగ్గర తగువై పదకొండేళ్ళుగా మాటల్లేవు.
అతని పెళ్ళికి ఈమె ఇచ్చిన పేలిక
అతని సంచిలో ఇంకా పులుస్తోంది.
రెండ్రోజులు ఆగింది.
మూడోరోజు గుర్రమెక్కింది.

దారిలో చెప్పాను,
మా భాషలో దీన్ని తోడు అంటారని,
పాలలో వేసేదీ అదే,
చీకట్లో పక్కన నడిచేదీ అదేనని.
కళ్ళెం సవరించుకుంటూ ఆమె,
"అయితే మీవాళ్ళకీ
పొరుగువాళ్ళతో తగువులున్నాయన్నమాట" అంది.

దామ్‌దిన్‌జావ్ గుమ్మంలో నిలబడ్డాడు.
రమ్మనలేదు.
కాస్త పక్కకి జరిగాడు.

ఆమె చేతులు అంగీ అంచుకి తుడుచుకుని
కవ్వం అందుకుంది.
పది పోట్లన్నది మాటవరసకే.
నూటిదాకా లెక్కపెట్టి
నేను వదిలేశాను.