కోయకుండా

ఉర్గెంచ్ సంతలో ముప్ఫయ్యేళ్లు
ఖర్బూజాల మీద వేలిమెటికతో కొట్టి
లోపలి తీపి చెప్పిన మత్‌నజర్
ఇవాళ నా స్కానర్ బల్ల మీద
పొట్ట పట్టుకుని, వెల్లకిలా.

"మా అన్న మద్రహీంని తెరిచి చూశారు తల్లీ, డెబ్బై తొమ్మిదిలో.
చూసి, కుట్టేశారు.
కోసిన కాయ సాయంత్రం దాకా ఆగుతుందా?"

ఊపిరి బిగబట్టమన్నాను.
గుండ్రటి గూడు గిర్రున తిరిగింది.
వదలమన్నాను.
ఆయనింకా కళ్లు మూసుకునే ఉన్నాడు,

అప్పటికే నా తెర మీద
ఉల్లిపొరల్లా విడిపోయాడు.
ఒక్క నెత్తురు చుక్క లేదు.
కాలేయం, వెన్నుపూసల మెట్లు,
పొద్దున తిన్న రొట్టె,
ఎడమ మూత్రనాళంలో ఇరుక్కుని
తెల్లటి గింజ ఒకటి.

"పండానా?" అని కేకేశాడు అద్దం అవతలి నుంచి.
"ఒకటే గింజ తాతా. నాలుగు మిల్లీమీటర్లు.
నీళ్లతోనే పోవచ్చంటున్నారు డాక్టరు."

మొహం ముడుచుకుంది.
నవ్వో నొప్పో, అది మాత్రం
ఏ పొరలోనూ పడలేదు.

ఇంజెక్షన్ పనిచేశాక
సంత సంచిలోంచి ఒక కాయ తీశాడు.
చెవికి ఆనించుకుని రెండు దెబ్బలు వేసి
నా చేతిలో పెట్టాడు:
"ఇవాళ కొయ్యకు.
గురువారం."