ఇరవై ఏడో నంబరు పాసు

అఫిడవిట్‌లో నా పేరు రోసెండా కబుగ్వాసన్.
ఉద్యోగం కావలి.
మనీలా కలావ్ వీధిలో, ఓడలకు మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ గుమ్మం దగ్గర
ఆరేళ్ళు నిలబడ్డాను.
లాయరమ్మ అంతే చాలంది.
కాగితంలో పట్టనిది ఇక్కడ చెబుతున్నాను.

ఆ శుక్రవారం వాన అడ్డంగా కొడుతోంది.
టైము నాలుగూ నలభై.
అతను మెట్లెక్కలేదు, ఒక్కో మెట్టునీ బతిమాలుకున్నాడు.
మెడలో పాసు వేసి రిజిస్టరు తెరిచాను.
ఎలెవుటెరియో మగ్బనువా, ఆయిలర్.
ఏం పని మీద అనడిగితే
"నడుం" అన్నాడు.
ఆ గడిలో నడుం అనే రాశాను.

ఇంజన్ గదిలో పంపు మూత ఎత్తుతుంటే పట్టేసిందట.
కెప్టెన్ రెండు మాత్రలిచ్చి
రేవు దాకా ఓర్చుకోమన్నాడట.
రేవు రావడానికి నలభై ఒక్క రోజులు.
ఆ రోజుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.
నేల మీద కాలు పెట్టాకే లెక్క మొదలు.
మూడు రోజుల్లో వచ్చి కంపెనీ డాక్టరుకి కనపడాలి,
కనపడకపోతే నొప్పి నీది, ఖర్చు నీది.
మంగళవారం రాత్రి విమానం దిగాడు.
బుధ, గురు, శుక్ర.
నా వేళ్ళకీ అంతే వచ్చింది.

పైన ఏం జరిగిందో నేను చూడలేదు.
డాక్టరు వెళ్ళిపోయాడు, సోమవారం రా అన్నారని
తర్వాత అతనే చెప్పాడు.
అంతలో కరెంటు పోయింది.
వెనక మెట్ల మీదుగా, చీకట్లో,
గోడ పట్టుకుని దిగిపోయాడు,
పాసు మెడలోనే ఉంచుకుని.
నా రిజిస్టర్లో బయటికి వెళ్ళిన సమయం ఖాళీ.
రాత్రి పాసులు లెక్కపెట్టాను.
ఇరవై ఆరు తర్వాత ఇరవై ఎనిమిది.
ఆ ముసలాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.
అతనికి నలభై నాలుగే, అదీ తర్వాతే తెలిసింది.

సోమవారం వస్తే
ఆలస్యమైందన్నారు.

ఏడు నెలలకి అతని భార్య వచ్చింది.
ఇలోయిలో నుంచి రాత్రంతా ఓడలో.
సంచీలోంచి పాసు తీసి బల్ల మీద పెట్టింది.
జపమాల వేలాడే మేకుకే ఇదీ వేలాడిందట.
"మావారు రానేలేదంటున్నారు.
నువ్వు రాసుకుంటావు కదా, చూసి చెప్పు."
నేను అడిగితే పై అంతస్తు వాళ్ళు
పాత రిజిస్టరు వానకి తడిసింది, పారేశాం అన్నారు.
ఆ పుస్తకం ఉండేది రెండో అంతస్తు బీరువాలో.
అక్కడిదాకా ఏ వాన ఎక్కిందో!

పాసు మీద నంబరుంది, తేదీ లేదు.
ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది,
వెనకవైపు ఏమైనా రాసి ఉంటుందేమోనని.
నాకప్పుడు తట్టింది.
ఇంటికెళ్ళి బిస్కట్ల డబ్బా బోర్లించాను.
ఆ నెల జీతం చీటీ.
కోత: నూట యాభై పెసోలు.
కారణం: సందర్శకుడి పాసు, నం. 27, పోగొట్టినందుకు.
పక్కన ఆ శుక్రవారం తేదీ.
కింద మేనేజరు సంతకం.
నూట యాభై దగ్గర ఎంత కచ్చితంగా ఉంటారో
చేత్తో తాకి చూశాను.

సాక్ష్యం చెప్పిన వారానికి నన్ను మార్చారు.
ఇప్పుడు పసాయ్‌లో, ఒక మాల్ కింద, కార్ల పొగలో కాపలా.
కంపెనీ పై కోర్టుకెళ్ళింది.
పాసూ చీటీ ఒకే కవరులో ఫైలులో ఉన్నాయి.
ఒకటి అతన్ని లోపలికి పంపింది.
ఇంకోటి నా కూర కోసింది.

మొన్న అతను బెల్టు కట్టుకుని, కర్రతో
నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.
కూర్చోమంటే కూర్చోలేదు,
కూర్చుంటే లేవడం పెద్ద పనట.
జేబులోంచి మడత పెట్టిన నోట్లు తీసి నా చేతిలో పెట్టాడు.
నూట యాభై.
వద్దనలేదు నేను.
అవి నావే.