డ్రైవరు పేరు దగ్గర

తాళాలు ఇచ్చినాడు చెంగల్రాయులు.
తాళాలతో పాటు నాలుగు నిమ్మకాయలు,
చక్రానికొకటి.
ఆర్సీ మాత్రం వచ్చే సోమవారం అన్నాడు.

అప్పుడు మామిడి పూత కాలం.
ఇప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు
తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరినాయి.
సోమవారం ఇంకా దారిలోనే ఉంది.

రెండు లక్షల పదివేలు.
లక్షా నలభై చీటీ పాడిన డబ్బు.
మిగిలింది ఇడ్లీ పిండి రుబ్బి
పొట్లం పొట్లంగా కూడబెట్టింది.
నోట్లకు కూడా పులిసిన వాసన ఉండింది.
వేలు తడుపుకొని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

బండి మంచిదే, అబద్ధం చెప్పను.
తెల్లారి నాలుగింటికి ఒక్క తిప్పుకే పలుకుతుంది.
గ్రీంస్‌పేట, సంతపేట, కొంగారెడ్డిపల్లె,
ఆరు లోపల నూట ఇరవై పొట్లాలు.
నీవా వంతెన మీద ఖాకీ రంగు కనబడితే మాత్రం
కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుంది.
దొంగిలించి తెచ్చినదానిలాగా
పక్క సందులోకి తిప్పుకుంటాను.
నా డబ్బులు పెట్టి నేనే కొనుక్కున్న భయం.

నెంబరు వేలూరుది.
సీటు కింద ఒక అరవ బస్సు టికెట్టు దొరికింది,
ఎవరో పాప పోగొట్టుకున్న క్లిప్పు దొరికింది.
కాగితాల్లో యజమాని కాట్పాడి ఏకాంబరం.
నేనెప్పుడూ చూడని ఆ మనిషి
రాత్రంతా నా వాకిట్లో నిలబడి ఉంటాడు,
మంచులో తడుస్తా, నాలుగు చక్రాల మీద.

కొట్టుకు పోతే ఇర్ఫాన్ కుర్చీ తుడిచి వేస్తాడు.
టీ చెప్తాడు.
ఇంతవరకు ముప్పై రెండు టీలు తాగినాను.
"ఎన్‌ఓసీ వేలూరు నుంచి రావల్ల మ్మేయ్."
"సర్వరు పన్జెయ్యలేదు."
"ఆఫీసరు ట్రాన్స్‌ఫరు."
ఒకసారి వాళ్ల అత్త చచ్చిపోయింది.
ఇంకోసారి కూడా ఆమే చచ్చిపోయింది.

ఈ పొద్దు నేను టీ తాగలేదు.
"నామీద నమ్మకం లేదా దేశమ్మా,
కాణిపాకంలో ప్రమాణం చెయ్యమన్నా చేస్తా" అన్నాడు,
ఎప్పుడూ అనేదే,
గాలిలోకి ఒక దణ్ణం పెట్టి.
"అయితే రా" అన్నాను.
"యాడికి?"
"కాణిపాకానికి. బండి బయటే ఉంది."

ఇర్ఫాన్ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయినాడు.
కొత్త గిరాకీలు ఇద్దరున్నారు,
వాళ్ల ముందర కాదనలేక
వచ్చి ముందు సీట్లో కూచున్నాడు,
ఒళ్లో నా ఖాళీ పిండి డబ్బా పెట్టుకొని.
బెల్టు పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు.
మామిడికాయల ట్రాక్టరు వెనకాల నిమ్మళంగా పోతావుంటే
ఒక్క మాటా లేదు.
తను అమ్మిన బండిలో తనెప్పుడూ కూచోలేదేమో,
అద్దం దించే పిడి కోసం చాలాసేపు వెతికినాడు.

గుడి కమాను ఇంకా కనబడనేలేదు,
చెయ్యి అడ్డం పెట్టినారు.
మొట్టమొదటిసారి కాలు వణకలేదు.
నేనే ఓరకు తీసి ఆపినాను.
"ఆర్సీ?" అన్నాడు ఎస్సై.
నేను పక్కకు చూసినాను.
నా చూపు పట్టుకొని ఎస్సై కూడా అటే చూసినాడు.
చెంగల్రాయులు డబ్బాలోకి చూసినాడు.
అడుగున పిండి ఎండి చారలు కట్టి ఉంది.

"వచ్చే..." అన్నాడు.
అంతవరకే అన్నాడు.

జరిమానా అతనే కట్టినాడు.
దేవుడి దాకా పోనేలేదు,
అక్కడే షేరాటో ఎక్కి వెనక్కి మళ్లినాడు.
డబ్బా మాత్రం జాగ్రత్తగా సీట్లో పెట్టి పోయినాడు.

ఆర్సీ రాలేదు.
కానీ చేతి మిషను లోంచి చించి ఇచ్చిన చీటీలో
యజమాని పేరు దగ్గర ఏకాంబరం,
డ్రైవరు పేరు దగ్గర దేశమ్మ,
ఒకదాని కింద ఒకటి అచ్చు పడినాయి.
ఈ బండి మీద నా పేరున్న మొదటి కాగితం.

మడిచి, ఎండ మరుగు రెక్క వెనక దోపినాను.
ఈ రకం కాగితం మీద అక్షరాలు
వేడికి చెరిగిపోతాయంట.
సోమవారం లోపల జిరాక్సు తీయించాల.