ఆఖరి చాప

వారానికి ఐదు గంటలిస్తుంది నీ మేడం.
ఏడింటికి గేటు తీసి
పన్నెండింటికి మళ్ళీ మూస్తుంది.
అందులో మూడు గంటలు దేవుడికి,
గంటన్నర బస్సులకి.
మిగిలిన అరగంటకి మొగుణ్ణి నేను.

రాత్రంతా జహ్రా దారిలో నీళ్ళ ట్యాంకరు తోలి
కునుకైనా తియ్యకుండా
సాల్మియా బస్టాపులో నిలబడేవాణ్ణి,
చేతిలో రెండు సమోసాలు చల్లారిపోతూ.
దిగేదానివి. తెల్లచీర, చంకలో జిప్పు సంచి,
అందులో వాక్యం.

"ఈ ఒక్క వారం మానెయ్యవే సువార్తా,
సముద్రం ఒడ్డున కూచుందాం" అన్నాను.
నా చొక్కా కాలరు సరిచేసి
"ముందు ఆయన" అన్నావు.
ఎంత మెత్తగా అన్నావంటే
కోప్పడ్డానికి చోటు దొరకలేదు.

తర్వాత దొరికింది, క్యాబిన్లో, ఒక్కణ్ణీ ఉన్నప్పుడు.
దేవుడితో సవతి పోరు పడ్డాను నేను.
ఏ మగాడైనా పడ్డాడా అలా?
కంటికి కనబడనివాడి కాలరు
ఎక్కడని పట్టుకుంటాం!

రంజాను ముందు వారం ఇసుక తుఫాను.
బస్సులు లేవు.
అయిదువేల గాలన్లు వెనక ఊగుతుంటే
నా బండిలోనే తీసుకెళ్ళాను నిన్ను.
విల్లా కింద బేస్‌మెంటు. మెట్లనిండా చెప్పులు.
పాట వీధిలోకి పోకుండా
గోడలకి కోడిగుడ్ల అట్టలు.
ఆఖరి చాప మీద కూలబడ్డాను.

మోకాళ్ళూని మొదలెట్టావు.
ముందు ఆయన మహిమ, చాలాసేపు.
తర్వాత మేడం కీళ్ళనొప్పులు.
నీ చేతిమీద వేడి టీ విసిరాడే, ఆ చిన్నకొడుకు పరీక్షలు.
ఏడు నెలలుగా జీతం రాని శ్రీలంక పిల్ల.
రేషను వరుసలో నిలబడ్డట్టు
నా పేరు కోసం చూస్తూ కూచున్నాను.

అందరి తర్వాత వచ్చింది.
బెన్యామీను.
పూర్తి పేరు. మా ఇంట్లోనైనా ఎవరూ పిలవరలా.
అక్కడ ఆగిపోయావు.
ఆమెన్ కూడా రాలేదు నీకు,
ముసుగు కొంగు నోట్లో కుక్కుకున్నావు.

నన్ను ముందు పెట్టుకున్న రోజుల్లో
సరుకుల చీటీలో ఉప్పులా
చదివేసేదానివి నా పేరు.

కోపం పోయిందని అబద్ధమెందుకు చెప్పను?
సముద్రం ఇంకా చూడనేలేదు మనం.
వచ్చే శుక్రవారం నాలుగు సమోసాలు తెస్తాను,
ఆ శ్రీలంక పిల్లకీ కలిపి.
చాప మాత్రం
నా కోసం వెనకే వెయ్యమను.