రెండు పొట్టి హారన్లు

రస్సల్ ఖైమాల బీరాన్ ఇక్కా కెఫెటేరియా ముంగట
పదకొండేండ్లు ఉరికిన.
లింబాద్రి అని నా పాస్‌పోర్టుకే ఎరుక,
కార్లన్నీ నన్ను హారన్‌తోనే పిలిచేవి.

కూత పొడుగైతే నాలుగు కరక్ చాయ్‌లు, జల్దీ.
తడబడితే కొత్త మనిషి,
ఏమేం ఉన్నయో అన్నీ చెప్పించుకొని
ఆఖరికి నీళ్ల సీసా అడుగుతడు.
రెండు పొట్టివైతే అబూ ఖమీస్.
ఆయనకు చక్కెరెక్కువ చాయ్,
పికప్పు వెనుకున్న మేకకు పరాటా.

అరబ్బీ అంకెలు నాకు నేర్పింది నంబర్ ప్లేట్లు.
ఏడును బోర్లిస్తే ఎనిమిది.
అది తెల్వక ఒకనాడు
ఒకరి ఆమ్లెట్ ఇంకొకరికిచ్చిన,
ఇద్దరూ బాగుందన్నరు.

అద్దానికి తగిలించే ఇనుప పల్లెం,
దాని కొక్కెం వదులైతే
సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన.
ఆ రబ్బరు వాసన, యాలకుల వాసన
ఇప్పటికీ నా ముక్కుల కలిసే ఉన్నయి.

అద్దం సగం దిగేది.
లోపలి ఏసీ గాలి ఒక్క గుక్క
మొకం మీద పడేది.
జూలైల అదే నాకు బక్షీస్.
కొందరు చిల్లర వెతుకుతున్నట్టు చేసి
ఇంకాసేపు తెరిచే ఉంచేటోళ్లు.
వాళ్ల పేర్లు నేనడగలేదు.

ఆ ఊరు మనుషులంత
నడుము నుంచి పైకే తెలుసు నాకు.

అబూ ఖమీస్ మీద కోపముండేది.
బండికీ దుకాణానికీ పదడుగులు లేదు.
"దిగితే అరుగుతవా తాతా" అని మన భాషల
నవ్వుకుంటనే తిట్టేటోణ్ణి. ఆయనా నవ్వేటోడు.

ఈద్ ముందు ఒకరోజు చేపల మార్కెట్‌ల
ఎరుకున్న దగ్గు వినబడి తిరిగి చూసిన.
రెండు చంకకర్రలు.
ఒక్కటే చెప్పు.
నన్ను జూసి ఆయన నోటితోనే కొట్టిండు హారన్,
పీప్, పీప్.

ఆ పొద్దుగూకి చాయ్ అందించినంక
పల్లెం మీంచి చెయ్యి తీయబుద్ధి కాలేదు.
"యల్లా, మేకకు ఆకలి" అన్నడు.

బీరాన్ ఇక్కా తిరూర్ పోయిండు.
మేక ఏమైందో తెల్వది.
నేనిప్పుడు ఏసీల కంపెనీ వ్యాను తోలుతున్న.

నిన్న మొదటిసారి
అదే వరుసల బండి ఆపి కూసున్న.
స్టీరింగ్ ఎనుకనుంచి చూస్తే
దుకాణం గింతే.
గోడ మీద హారన్ బొమ్మ, దాని మీద ఎర్ర గీత.
పక్క కార్లల్ల మొకాలు ఫోన్ల వెలుగుకు నీలమైనయి.
నేను కూడ ఫోన్‌ల ఒత్తిన.
పదమూడు నిమిషాలంది.

ఎక్కడో ఎవరో తోవ కోసం కొట్టిండు,
రెండు పొట్టివి.
నా చెయ్యి డోరు మీదికి పోయింది,
కాలు కిందికి దిగింది.
మళ్ల లోపల పెట్టుకున్న.

నేపాల్ పిల్లగాడొచ్చిండు కాగితం కప్పుతోని.
కనుబొమ్మల మీద చెమట.
అద్దం మొత్తం దించిన,
ఏసీని నాలుగు మీదికి తిప్పిన.
పైసలు ఫోన్‌లనే కట్టినంక
ఇచ్చుడుకు నా దగ్గర చిల్లర లేదు.
అయినా అంగీ జేబు, ప్యాంటు జేబు,
డ్యాష్‌బోర్డు అర, సీటు సందు
వెతుకుతనే ఉన్న.