గుడ్డు కూడా ముట్టం

నల్లకుంటలో ఈ రెండు గదులకోసం
"గుడ్డు కూడా ముట్టం" అని చెప్పాను వర్ధనమ్మగారికి.
ఇప్పుడు రోజుకు మూడుసార్లు ముడుతున్నాను,
పద్నాలుగింటిని.

మంచం కింద థర్మాకోల్ పెట్టె,
గుజరాతీ గల్లీలో బేరమాడి తెచ్చిన థర్మోస్టాట్,
నలభై వాట్ల బుగ్గ, స్టీలు గిన్నెలో నీళ్లు.
పెంకుమీద పెన్సిలుతో ఒకవైపు సున్నా, ఒకవైపు ఇంటూ.
అలారం మోగిందంటే
సున్నాలన్నీ ఇంటూలు కావాలి.

ఏడో రాత్రి ఫోను టార్చి ఆనించి చూశాను.
మూడింట్లో వట్టి వెలుతురు.
మిగతావాటిలో ఎర్రటి సన్నని వేర్లు.
ఒకదాంట్లో ఆవగింజంత నలుసు
ఉలిక్కిపడింది.
నేనూ.

ఇరవయ్యో రాత్రి వాన. కరెంటు పోయింది.
ముప్పై ఏడున్నర, ముప్పై ఆరు, ముప్పై నాలుగు...
నా శాలువా, ఆయన స్వెట్టరు, వేడినీళ్ల సీసాలు.
వీధి మొత్తం ఫ్యాన్లు ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో
పెంకు లోపలినుంచి
ఒక్క కిచ్.

తలుపు దగ్గర ఎమర్జెన్సీ లైటు, వెనక వర్ధనమ్మగారు.
పెట్టెను చూశారు. నన్ను చూశారు.
"ఎన్ని?"
"పదకొండండీ."
మాట్లాడకుండా మెట్లెక్కి వెళ్లి
దేవుడి గది ఇన్వర్టరు నుంచి
కిటికీలోకి వైరు వదిలారు.

తెల్లారేసరికి తొమ్మిది.
తడి ఆరకముందే బుగ్గ కిందికి పాకి
దాన్నే అమ్మ అనుకున్నాయి.
రెండు పెంకులమీద చిన్న గీతైనా పడలేదు,
సున్నాలు సున్నాలుగానే ఉండిపోయాయి.

గడప అవతలే నిలబడ్డారావిడ,
కొంగులో నూకలు మూటగట్టుకుని.
"ఇవాళ ఏమీ తినవండీ," అన్నాను.
"తెలుసులే. రేపటికి," అన్నారు.

ఎలా తెలుసో
నేను అడగలేదు.