ఎదురుపడని వాకిళ్ళు

మా హారాలో గోడల మీద నీలిరంగు చేపలుండేవి.
జెర్బా దీవికి నాలుగు వైపులా సముద్రమే,
అయినా చేపలు మా గుమ్మాల మీదే ఎక్కువ ఈదేవి.
నీళ్ళ కిందున్నదానికి దిష్టి తగలదని పెద్దల మాట.
తమ్ముడు పుట్టిన ఏడో రాత్రి
అమ్మమ్మ మెసౌదా తడి సున్నం మీద
కొత్తగా మూడు చేపలు గీసింది.
మూడోదానికి తోక కుదరలేదు.

మర్నాడు సున్తీ.
రబ్బీ మఖ్లూఫ్ వస్తాడని ఇంట్లో గుబులు.
ఆయనకి ఒకటే కన్ను.
రెండోది పన్నెండేళ్ళప్పుడు
మా తాత వెండి కొలిమిలోంచి
ఎగిరిన నిప్పురవ్వ పట్టుకుపోయింది.
"నరుడి కంటికి నాపరాయి పగులుతుంది,
ఇక ఒంటికంటికి ఏం మిగులుతుంది" అనేది అమ్మమ్మ,
ఆయన తిన్న పళ్ళెం విడిగా కడుగుతూ.

బడిలో మాకా కథ చెప్పింది ఆయనే.
శపించడానికి కూలి మాట్లాడుకుని
కొండెక్కిన ప్రవక్త కథ.
"వాడికీ ఒకటే కన్నంటారు" అన్నాడు,
మేం నవ్వాపుకోవడం చూసి తనే ముందు నవ్వి.
"దొంగ ప్రవక్త కాడురా వాడు.
దేవుడి మాట నిజంగానే వాడి నోట్లోకి వచ్చింది.
భయపడాల్సింది అందుకే.
దారిలో కత్తి దూసి నిలబడ్డ దూత
గాడిదకి కనిపించాడు.
పైనున్నవాడికి కనిపించలేదు."

షూషాన్ లేచి అడిగాడు:
దూత కళ్ళలోకి చూసింది కదా, మరి గాడిదకి దిష్టి తగల్లేదా?
రబ్బీ చాలాసేపు గడ్డం దువ్వుకున్నాడు.
"గుడి కూలాక ప్రవచనం పిల్లలకీ పిచ్చివాళ్ళకీ పోయిందట.
నువ్వు రెండింట్లో ఏదో గానీ,
నాకు తెలీదు."

కొండ మీంచి గుడారాలు చూశాడట ఆ కూలి ప్రవక్త.
దిష్టి పెట్టాలనే చూశాడు.
ఏ గుడారం వాకిలీ ఇంకో వాకిలికి ఎదురుగా లేదు.
ఎవరి కుండలో ఏం ఉడుకుతోందో
ఎవరి పక్క మీద ఎవరు ఏడుస్తున్నారో
పక్కవాళ్ళకి అందదు.
కంటికి కాలు మోపే చోటు దొరకలేదు.
శాపం గొంతులోనే తిరగబడి దీవెనయింది.

ఆ ఉదయం నాకిదేదీ గుర్తు రాలేదు.
పోయిన వేసవిలో రబ్బీ తన వాకిలి పూడ్పించుకున్నాడు,
అది గుర్తొచ్చింది.
ఎదురింటి ఘజాలా, కూతురు పోయినప్పటినుంచి
తలుపు వేసుకోవడం మర్చిపోయింది.
ఆయన తాపీమేస్త్రీని పిలిచి
మేకల సందులోకి కొత్త గుమ్మం కొట్టించాడు.
ఎందుకని అడిగితే "ఇటు గాలి బాగుంది" అనేవాడు.
ఇటు గాలి లేదు. మేకల కంపు.

వచ్చాడు. అమ్మమ్మ శాలువా లాగి
పసివాడి ముఖం కప్పేసింది.
ఆయన గడప దగ్గరే ఆగి
ఉన్న ఆ ఒక్క కన్నూ మూసుకున్నాడు.
దృష్టికీ దిష్టికీ మధ్య రెప్పంత దూరం.
చెయ్యి చాచి "ఎక్కడరా?" అన్నాడు.
నేను నడిపించాను. రెండుచోట్ల తూలాడు.
ఆ అరచెయ్యి తీసుకెళ్ళి తమ్ముడి మాడు మీద పెట్టాను.
గొణుగుతున్నాడు, సగం మాటలు నాకు తెలుసు.

"కన్ను తెరువు మఖ్లూఫ్."
అమ్మమ్మ ఆయన్ని పేరు పెట్టి పిలవగా
ఎప్పుడూ వినలేదు నేను.
శాలువా ఆమె చేతిలో ఉంది.

ఆయన తెరవలేదు.
మళ్ళీ నన్నే పట్టుకుని గడప దాటి,
ఎండలోకి వెళ్ళాక గోడ వైపు తిరిగి చూసి,
"ఆ మూడోదానికి" అన్నాడు,
"తోక కాస్త సరిచెయ్యమను."